అర్జీదారు మనస్తత్వం

చోడవరం కచేరీ గోడ పక్కన రేకుల చావడిలో కూర్చుని పరదేశి అర్జీలు రాయడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆయన ఒక్కగానొక్క కొడుకు సత్యారావు ఇంటర్మీడియట్ ప్యాసై, లోకంలో ఉన్న మనుషులందరి మనసులూ చదివెయ్యాలని నిర్ణయించుకుని పదిహేను రోజులు. ఇరవై రెండేళ్ల పనికి ఊళ్లో ఎవరూ గొప్ప పేరేమీ పెట్టలేదు. పదిహేను రోజులదానికి మాత్రం సైకాలజీ అని పేరుంది. యాభై ఆరో సంవత్సరం వేసవిలో ఆ ఇంట్లో నడిచిన గొడవంతా ఈ పేరు గురించే.

పరదేశి పనికి ఒక పద్ధతి ఉండేది. అర్జీ రాయించుకోడానికి వచ్చినవాడు బల్లకి ఎదురుగా గొంతుక్కూర్చునేవాడు. పరదేశి కలం ముట్టుకోకుండా, చెప్పమనేవాడు. వచ్చినవాడు తాతలనాటి నుంచి ఎత్తుకుని, ఎద్దు చచ్చిపోవడం, పెళ్లిలో పీట మీద కూర్చోనివ్వకపోవడం, అన్నీ ఏకరువు పెట్టేవాడు. పరదేశి విని "ఇంకేటి?" అనేవాడు. ఇంకొంత చెప్పాక మళ్లీ "ఇంకేటి?" అనేవాడు. మూడో "ఇంకేటి?" దగ్గర ఆ మనిషి ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని అసలు సంగతి చెప్పేవాడు. అది నాలుగు లైన్లకి మించేది కాదు. ఆ నాలుగు లైన్లే పరదేశి రాసి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివి వినిపించి, ఆ తరవాతే వేలు పట్టుకుని ముద్ర వేయించేవాడు. గట్టు తగువైతే ఆదివారం పొలం దాకా నడిచి వెళ్లి కళ్లారా చూసి వచ్చి రాసేవాడు. మిగతా లేఖరులు రోజుకి పదిహేను అర్జీలు రాస్తే ఈయన ఆరు రాసేవాడు. అందుకని వాళ్లు ఈయన్ని చూసి నవ్వుకునేవారు.

సత్యారావుకి పంతొమ్మిదేళ్లు. బక్కపలచటి మనిషి. కళ్లజోడు లేదు గాని ఉన్నట్టే చూసేవాడు. పరీక్షలు రాసి ఇంటికొచ్చి ఏమీ తోచక తిరుగుతూంటే, మిషను బడి మాస్టారు ఏసుదానం అతన్ని పిలిచి ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. అది మాస్టారు ట్రెయినింగులో ఉండగా కొనుక్కున్న సైకాలజీ గైడు. అట్ట ఎప్పుడో పోయింది. మొదటి మూడు అధ్యాయాలూ బాగానే ఉన్నాయి. నాలుగోదాన్ని ఎలకలు చదివేశాయి. సత్యారావు ఆ మూడు అధ్యాయాలూ మూడు రోజుల్లో ముగించి, నాలుగో రోజు నుంచి మనుషుల్ని వేరుగా చూడడం మొదలుపెట్టాడు.

మొదట దొరికింది తల్లి సన్యాసమ్మ. పులుసులో ఉప్పెక్కువైందంటే, చెయ్యి జారిందిరా అందావిడ.

"సెయ్యి జారడం అంటూ ఉండదమ్మా" అన్నాడు సత్యారావు. "లోపల ఎవరి మీదో కోపం ఉంటాది. అదే ఉప్పయి బయటికొస్తాది."

"ఉన్నాది. నీ మీదే" అంది సన్యాసమ్మ. "పదిరోజుల్నించి ఇంటికాడ కూకుని నా సెయ్యి కేసి సూస్తన్నావు. నీల్లు తోడమంటే తోడవు."

ఇది శాస్త్రం నిజమనడానికి రుజువని సత్యారావు గైడు మార్జిన్లో రాసుకున్నాడు.

ఆ వారమే అతను వాల్తేరు నుంచి అప్లికేషను తెప్పించుకున్నాడు. ఫిలాసఫీ ఆనర్సు, అందులో సైకాలజీ ఒక భాగం. జూన్ ముప్పయ్యో తారీకులోగా పోస్టులో పడాలి. తండ్రి సంతకం కావాలి. వాల్తేరులో ఉండడానికి చోటు కావాలి. ఈ రెండూ కుదిరితే ఈ జన్మకి ఇంకేమీ అక్కర్లేదని సత్యారావు నమ్మకం. పరదేశికి మాత్రం వేరే ఆశ ఉంది. ఇరవై రెండేళ్లు ఆయన కచేరీ గోడకి ఇవతల కూర్చున్నాడు. కొడుకు గుమాస్తా పరీక్ష రాసి గోడకి అవతల, ఫ్యాను కింద కూర్చుంటే చూడాలని ఆయన ఆశ. పెద్ద ఆశేం కాదు, గోడ మందం జానెడే.

సంగతి తేల్చడానికి ఒక సాయంత్రం ఏసుదానం మాస్టారు కూడా వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు.

"అది సదివితే ఏటవుతాడు మేస్టారూ?" అని అడిగాడు పరదేశి.

"ఏటవుతాడేటి పరదేశీ! రెండో ప్రణాళికొచ్చింది. రేపు ప్రతి ఫ్యాక్టరీకీ ఒక సైకాలజిస్టుంటాడు. ప్రతి బడికీ ఉంటాడు. పోలీసోల్లకి ఉంటాడు."

"మరి ఇప్పుడెక్కడున్నాడు?"

ఇప్పటికైతే తాను చూడలేదన్నాడు మాస్టారు.

"పిచ్చోల్ల కాడ కూకోడానికి సదువెందుకండీ?" అంది సన్యాసమ్మ లోపల్నించి. "ఈయన ఇరవై రెండేల్లుగా ఏ సదువూ లేకుండానే కూకున్నారు గదా!"

పరదేశి ఆ పూట ఏమీ తేల్చలేదు. మర్నాడు ఆయన చీడికాడ అనే ఊరు వెళ్లాలి. అక్కడ ఆయన అక్కకి జబ్బు చేసింది. బయలుదేరే ముందు బల్ల తాళం కొడుకు చేతిలో పెట్టాడు.

"ఒరే, మనుసుల మనసులు సదవాలంటన్నావు గదా. నాలుగురోజులు నా బల్ల కాడ కూర్సో. నేనొచ్చేక సంతకం సంగతి సూద్దాం."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సత్యారావు ఆ తాళం చూసి తనకి డిగ్రీ వచ్చేసిందనే అనుకున్నాడు. పొద్దున్నే తలకి నూనె రాసుకుని, చావడిలో బల్ల తుడిచి, గైడు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి రెండు రోజులూ వచ్చినవి మామూలు అర్జీలే. ఇంటి పన్ను తగ్గించమనీ, బోరింగు బాగుచేయించమనీ. వాటిలో మనసెక్కడుందో ఎంత వెతికినా కనపడక అతనికి విసుగొచ్చింది. మూడో రోజు అచ్చియ్యమ్మ వచ్చింది.

అచ్చియ్యమ్మది రావికమతం దారిలో ఒక చిన్న పల్లె. యాభై దాటిన మనిషి. మొగుడు పోయి పదమూడేళ్లయింది, పిల్లలు లేరు. ఉన్నది ఎకరం మడి. దాని పక్కది మరిది బంగార్రాజు చెరకు చేను. ఆరేళ్లుగా ఆవిడ వేరే లేఖరుల చేత అర్జీలు రాయిస్తూ వచ్చింది. ఏదీ పైకి కదల్లేదు. పరదేశి రాస్తే పని జరుగుతుందని ఎవరో చెబితే ఈసారి వెతుక్కుంటూ ఇక్కడికి నడిచొచ్చింది.

"పరదేశి బాబు లేరేటి?"

"చీడికాడ వెళ్లేడు. నేను రాస్తాను, కూర్సో."

ఆవిడ గొంతుక్కూర్చుంది. "మా మరిది గట్టు జరిపేస్తన్నాడు బాబూ. ఏటా ఏరువాకప్పుడు తన యేపు సెక్కేసి ఆ మట్టి నా మల్లోకే లాగి కొత్త గట్టేస్తాడు. ఏడేల్లయినాది. ఇది ఏడో అర్జీ."

ఏడో అర్జీ అనే మాట దగ్గర సత్యారావు వెన్ను నిటారుగా అయింది. ఒకే మాట ఏళ్ల తరబడి పట్టుకు వేలాడితే దాన్ని స్థిరభావం అంటారని రెండో అధ్యాయంలో ఉంది. అందరూ తనకి అన్యాయం చేస్తున్నారనుకోవడం మూడో అధ్యాయంలో ఉంది. రెండు అధ్యాయాలు ఒకే మనిషిలో ఇలా కాళ్లొచ్చి ఎదురుగా కూర్చుంటాయని అతను కలలో కూడా అనుకోలేదు.

"గట్టు సంగతి ఒగ్గేయ్. సిన్నప్పుడు నీకెవరంటే బయ్యం?"

"బడి మేస్టారంటే. రెండ్రోజులెల్లి మానేసేను. ఆ గట్టు..."

"కలలొస్తాయా?"

"వస్తాయి."

"కలలో ఏటి కనపడతాది?"

"గట్టే కనపడతాది బాబూ."

సత్యారావు గైడు దగ్గరికి లాక్కున్నాడు. గైడులో కూడా ఇంత చక్కటి ఉదాహరణ లేదు.

"నీ మొగుడు పోయేక ఇంట్లో నీతో మాటాడేవోల్లెవరు?"

అచ్చియ్యమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఎవులూ లేరు నాయినా" అంది.

ఇంకేముంది, తేలిపోయింది! మొగుణ్ని తలుచుకుని ఏడ్చిన మనిషికి గట్టు ఎందుకు జరగకూడదో పైనున్న దేవుడికి గాని తెలియదు. సత్యారావుకి మాత్రం తెలిసిపోయింది. "ఇంకేటి?" అని అతను ఒక్కసారి కూడా అడగలేదు. నిబ్బు సిరాలో ముంచి, తండ్రి ఎన్నడూ రాయనంత పెద్ద అర్జీ రాశాడు. పైన అంతా మామూలే. ఏలినవారి దివ్యసముఖమునకు, అర్జీదారు మనవి చేసుకొనునది యేమనగా, సదరు గట్టు, సదరు మరిది. అడుగున మాత్రం సొంతంగా రెండు వాక్యాలు చేర్చాడు.

"అర్జీదారు మనస్తత్వమును పరిశీలించగా, సదరు గట్టు జరుగుచున్నదను అభిప్రాయము భర్తృవియోగము చేతను సంతానలేమి చేతను జనించిన మానసిక భ్రమగా తేలుచున్నది. కావున ఏలినవారు కొలతకు బదులుగా అర్జీదారును దయతో ఓదార్పవలెనని ప్రార్థన."

రాసినదంతా చదివి వినిపించాడు, ఆ రెండు వాక్యాలూ తప్ప. రోగికి రోగం పేరు చెప్పకూడదని మూడో అధ్యాయం చివర నల్లటి అక్షరాల్లో ఉంది. అచ్చియ్యమ్మ విని, "బాగా రాసేవు నాయినా, సదువుకున్న గుంటడివి" అని మురిసిపోయి ఎడమ బొటనవేలు చాపింది. ఆ వేలు పట్టుకుని సత్యారావే సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. ఒక మనసుకి మేలు చేశానన్న సంతోషంతో ఆ పూట ఇంటికెళ్లి అడక్కుండానే రెండు కడవలు నీళ్లు తోడాడు.

పరదేశి చీడికాడ నుంచి జ్వరంతో వచ్చి పడ్డాడు. నకళ్లు చూడ్డానికి ఓపిక లేక, పదకొండు అర్జీలు రాశానని కొడుకు చెబితే విని, బల్ల పరువు నిలబెట్టావురా అన్నాడు. సంతకం మాట ఆయన ఎత్తలేదు, సత్యారావు ధైర్యం చేసి అడగలేదు. పది రోజులు అలా గడిచాయి.

పదకొండో రోజున కచేరీలోంచి కాగితం బయటికొచ్చింది. దాన్ని తెచ్చిన బంట్రోతు నవ్వాపుకోలేక గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. వెనకాలే ఒక గుమాస్తా వచ్చి, చావడిలో ఉన్న లేఖరులందరికీ వినపడేలా చదివాడు. అర్జీదారు తన ఫిర్యాదు భ్రమ అని తన వేలిముద్రతో తానే ఒప్పుకున్నందున కొలత అవసరం లేదు. ఇక ఓదార్పు ఈ శాఖ పరిధిలోనిది కాదు.

చావడి గొల్లుమంది. వాళ్లు నవ్విందెందుకో సత్యారావుకి సరిగ్గా అర్థం కాలేదు. తన మాట సర్కారు కాగితం మీదికెక్కిందని మాత్రం అర్థమైంది. ఆ మధ్యాహ్నం ఇద్దరు గుమాస్తాలు గోడ దాటి వచ్చి, తమ ఆఫీసరు సెలవిస్తాడో లేదో మనసు చదివి చెప్పమన్నారు. ఇవ్వడని చెప్పాడు. నిజంగానే ఇవ్వలేదు. సాయంత్రానికి సత్యారావు పేరు కచేరీ వీధి దాటి సంత దాకా వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే బంగార్రాజు బండి మీద బెల్లం దిమ్మ వేసుకుని ఇంటికొచ్చాడు. మల్లెపువ్వులాంటి ఖద్దరు, నుదుటన విభూతి, నోట్లో తేనె. సన్యాసమ్మ పీట వేసింది.

"పరదేశీ, నీ గుంటడిది సదువంటే సదువు!" అన్నాడు. "మా వదినకి మతి లేదని ఏడేల్లుగా మొత్తుకుంటన్నాను. ఎవులిన్నారు? బాబు రెండు లైన్లలో తేల్సేసేడు. ఇంత తెలివైనోడ్ని ఆపకు, పంపించేయ్. వాల్తేర్లో మా బామ్మర్ది ఇల్లున్నాది. ఉండడానికి, తినడానికి నాదీ పూచీ. ఎన్నేల్లయితే అన్నేల్లు సదవనీ."

ఆ క్షణాన చోడవరంలో సత్యారావంత సంతోషంగా ఉన్నవాడు మరొకడు లేడు. ఉండడానికి చోటు దానంతట అదే నడిచొచ్చింది. సైకాలజీ విలువ తెలిసిన మొదటి మనిషి ఇంత పెద్ద రైతని అతనికి గర్వం కూడా కలిగింది. ఆ మనిషికి ఆ విలువ ఎందుకు తెలిసిందో చదవడానికి మాత్రం మూడు అధ్యాయాలు సరిపోలేదు.

బంగార్రాజు బండి వీధి మలుపు తిరిగాక పరదేశి ఆ అర్జీ నకలు తెమ్మన్నాడు. రెండుసార్లు చదివాడు. తిడతాడేమోనని సత్యారావు ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

"ఆకరి రెండు మాటలూ ఆవిడికి సదివినిపించేవేట్రా?"

"లేదు నాన్నా. రోగికి రోగం పేరు సెప్పకూడదని పుస్తకంలో..."

"మరి కచేరీకి సెప్పొచ్చేటి?"

దానికి జవాబు గైడులో కూడా లేదు.

ఆదివారం తెల్లారకుండానే పరదేశి జ్వరం మొహంతోనే కొడుకుని వెంటపెట్టుకుని బయలుదేరాడు. బెల్లం దిమ్మ గోనెలో కట్టి సత్యారావు నెత్తికెత్తాడు.  పల్లె మొదట్లోనే బంగార్రాజు ఇల్లు. అరుగు మీద దిమ్మ దింపి, ఇది మాకు పడదు బాబూ అని ఒక్క ముక్క చెప్పి పరదేశి ముందుకు నడిచాడు. బంగార్రాజు చిరునవ్వు చెక్కుచెదరలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం అంటారు చూడండి, ఆ శ్రీవైష్ణవుడి నవ్వది.

అచ్చియ్యమ్మ పొలంలోనే ఉంది. ఒక్కర్తే నారుమడికి దుక్కి చదును చేసుకుంటోంది. తొలకరి పడి వారమైనా కూలికి ఎవరూ రాలేదట.

"పిచ్చిదాని మల్లోకి ఎవులొస్తారు బాబూ?" అంది పరదేశితో. "నాకే తెల్దు నాకు పిచ్చని. మా మరిది రచ్చబండ కాడ కాగితం సదివించేడు. నీ యేలిముద్రే గదా అన్నాడు. సూస్తే నాదే."

సత్యారావు తల దించుకున్నాడు. ఆ కాగితం మీద ఆవిడ వేలు నొక్కింది తన చెయ్యే. తప్పయిపోయిందని చెప్పబోయేసరికి ఆవిడ పార పక్కన పెట్టి, రండి బాబూ అని చెరకులోకి దారి తీసింది.

చెరకు నడుమెత్తు ఎదిగి ఉంది. ఆకులు చేతులు కోస్తున్నాయి. గట్టు దాటాక సత్యారావు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. పద్నాలుగో అడుగున కాలికేదో గట్టిగా తగిలి బొటనవేలు చిట్లి రక్తం కారింది. వంగి ఆకులు తొలగించి చూశాడు. సర్వే రాయి. తల మీద చెక్కిన గుర్తు కూడా ఉంది. తెల్లవాడి కాలంలో పాతిన రాయి, ఉన్నచోటే ఉంది. దాని పక్కన ఉండాల్సిన గట్టు పద్నాలుగు అడుగులు అచ్చియ్యమ్మ మడిలో ఉంది.

"భ్రమేటిరా?" అన్నాడు పరదేశి.

సత్యారావు ఆ రాయి మీదే కూర్చుని ఏడ్చాడు. వేలు నొప్పికి కాదు. ఎకరం మడిలో ఆవిడకి పోయిన చెక్కంతా ఎదురుగా కళ్లకి కనపడుతోంటే, దాన్ని తాను ఆవిడ బుర్రలో వెతికాడు. పైగా వెతికి పట్టుకున్నానని పది రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఇంత సిగ్గు అతను పుట్టాక ఎరగడు.

చేతులు కాలాక పట్టుకోడానికి పరదేశి దగ్గర ఒకే ఆకుంది, కాగితం. సోమవారం నాడు కొడుకు చేత కచేరీకి ఒక వాంగ్మూలం రాయించాడు. ఒక్క మాట కూడా తాను చెప్పలేదు, నీకు తెలిసింది రాయమన్నాడు. సత్యారావు ఇలా రాశాడు: "సదరు అర్జీలోని ఆఖరి రెండు వాక్యములు అర్జీదారు చెప్పినవి కావు. ఆమెకు చదివి వినిపించినవీ కావు. నేను సైకాలజీ చదివినవాడను కాను. మూడు అధ్యాయములు మాత్రమే చదివి, మిగతాది నాకు వచ్చునని అనుకొని రాసితిని." అడుగున పేరు రాసి సంతకం పెట్టి, గోడ దాటి తానే లోపలికి తీసుకెళ్లి ఇచ్చాడు. చావడి లేఖరులు ఈసారి నవ్వలేదు గాని, దగ్గారు.

హెడ్డు గుమాస్తా కళ్లజోడు సవరించుకుని దాన్ని పూర్తిగా చదివాడు. చెడ్డవాడు కాదు. కాగితం మీదున్నదే ప్రపంచమని నమ్మిన మనిషి.

"దీనివల్ల రాసినవాడు తెలివితక్కువవాడని రుజువైంది" అన్నాడు. "అర్జీదారుకి మతుందని రుజువవలేదు. రికార్డులో భ్రమ అని ఒకసారి పడింది. అది పోవాలంటే మతి సరిగ్గా ఉందని డాక్టరు సర్టిఫికెట్టు పెట్టమను. పెడితే కొలత వేయిస్తాను."

"మరి బంగార్రాజుగారికి మతుందని సర్టిఫికెట్టు పెట్టేరాండీ?" అన్నాడు సత్యారావు.

"ఆయన అర్జీ పెట్టలేదు కదయ్యా. పెట్టినవాళ్ల మతి గురించే మాకు పట్టింపు."

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. ఆ రోకలి పట్టుకుని ముగ్గురూ, తండ్రీ కొడుకూ అచ్చియ్యమ్మా, ఊళ్లో ఉన్న ఒక్క డాక్టరు దగ్గరికి వెళ్లారు. అప్పటికి జూన్ ఇరవై తొమ్మిదో తారీకు. అప్లికేషను నాలుగు మడతలై సత్యారావు చొక్కా జేబులో ఉంది. సంతకం లేదు.

డాక్టరు మంచివాడు. అచ్చియ్యమ్మ నాడి చూశాడు, నాలుక చూశాడు, కళ్ల కింద రెప్పలు లాగి చూశాడు. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు తినమన్నాడు.

"మతుందని రాసివ్వండి బాబూ" అన్నాడు పరదేశి.

డాక్టరు కలం తీసి, మళ్లీ పెట్టేశాడు. "జ్వరముందని రాయగలను, లేదనీ రాయగలను. మతి సంగతి నా చదువులో లేదు. రేపు ఆ మరిది కోర్టుకెళ్లి, ఏ పరీక్ష చేసి రాశావని అడిగితే నేనేం చెప్పను? ఆ మాటకొస్తే నాకు మతుందని కూడా ఎవరూ రాసివ్వలేదు. వాల్తేరు పిచ్చాసుపత్రికి తీసుకెళ్లండి. నాలుగు రోజులుంచుకుని చూసి వాళ్లే రాస్తారు."

"నాను పిచ్చాసుపత్రికెల్లొచ్చేనంటే మా మరిదికి ఇంకేటి కావాలి?" అంది అచ్చియ్యమ్మ. "ఆ నాలుగురోజుల్లో గట్టు మా ఇంటి గుమ్మంలోకొచ్చెస్తాది."

 ముగ్గురూ బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు. ఎదురుగా పోస్టాఫీసు. సత్యారావు జేబులోంచి అప్లికేషను తీసి మడతలు విప్పి చూశాడు. ఒకప్పుడు ఈ కాగితం కోసం పులుసులో ఉప్పు దగ్గర నుంచి అన్నిటికీ అర్థాలు వెతికాడు. ఇప్పుడు చూస్తే చెయ్యి కాలుతోంది.

"దీన్ని సింపేస్తాను నాన్నా" అన్నాడు. "గుమస్తా పరీచ్చే రాస్తాను. మూడు అద్దేయాలకే ఇంత సేటు జరిగింది. మొత్తం సదివితే ఎంతమంది మడులు పోతాయో!"

 కొడుకు గోడ అవతలికి వెళ్లాలని పరదేశికి ఎంత ఆశగా ఉండేదో ఆయనకే తెలుసు. ఆ ఆశ నోటిదాకా వచ్చిన ఈ సమయంలో దాన్ని అందుకోడానికి ఆయనకి మనసొప్పలేదు. చివరికి అలవాటు ప్రకారం ఎదుటి మనిషి చేతే చెప్పించాలని అచ్చియ్యమ్మ వైపు తిరిగాడు.

"నష్టపోయింది నువ్వు. నువ్వు సెప్పమ్మా. ఈడ్ని ఆ సదువుకి పంపమంటావా, మాన్పించెయ్యమంటావా?"

"ఏ సదువు బాబూ?"

"మనుసులకి మతుందో లేదో సెప్పే సదువు."

అచ్చియ్యమ్మ సత్యారావుని మొదటిసారి నిదానంగా చూసింది. గుడ్డ చుట్టిన అతని కాలివేలు చూసింది, చేతిలో కాగితం చూసింది.

"సదవనీయండి" అంది.

"నీకింత అన్నేయం సేసేక కూడానా?" అన్నాడు సత్యారావు.

"నువ్వు సదవకుండా సేసేవు నాయినా. నాకు పిచ్చని రాయడానికి ఏ సదువూ అక్కర్లేకపోనాది. నువ్వు రాసేవు, మా మరిది సదివించేడు, కచేరీ ఒప్పేసుకున్నాది. లేదని రాయడానికి ఇంత ఊల్లో ఒక్క మనిసి లేడు. దానికైనా ఒకడు సదూకోవాల గదా?"

పరదేశి కొడుకు చేతిలోంచి కాగితం తీసుకుని మోకాలి మీద పరిచి, గడి ఎక్కడుందో అడిగి సంతకం పెట్టాడు. ఎక్కడుంటావు, ఏం తింటావు అని ఎవరూ అడగలేదు. పోస్టాఫీసు మూసేస్తారు బేగి ఎల్లు నాయినా అని అచ్చియ్యమ్మే అతన్ని మెట్ల మీంచి లేపింది.